తాతల నాటి రైఫిలు – సేఫ్టీ మీట సంగతి



ఈ వేళప్పుడు మీరు విత్తనాల గురించో, ఎరువుల గురించో, పశువుల మేత గురించో వింటూ ఉంటారు. ఈ పూట నేను తుపాకి గురించి చెప్పబోతున్నాను. రైతుకూ తుపాకికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. మా శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో విమానాశ్రయం వచ్చిన తరువాత, అంటే 2008 మార్చి తరువాత, పాత ఇళ్లు చాలా ఖాళీ అయినాయి. కొందరు భూములు అమ్ముకున్నారు, కొందరు పట్నంలో ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. ఇత్తడి గుండిగలు, తాత పెట్టెలు, పాత పట్టా కాగితాలు బయటపడతాయి. ఒక్కొక్క ఇంట్లో గోనెపట్టాలో చుట్టిన ఒక రైఫిలు కూడా బయటపడుతుంది. అప్పుడు ఇంటివాళ్లు ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నదే నా ప్రసంగ విషయం.

ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. చెప్పుకోవడానికి గొప్ప సంగతి కాదు. అయినా మీకు పనికివస్తుందని చెబుతున్నాను.

అది 1968, భాద్రపద మాసం. నాకు అప్పుడు పన్నెండేళ్లు, మా అన్నకు పదిహేడేళ్లు. మక్క కంకులు పాలు పట్టే దినాలు. రాత్రిళ్లు అడవి పందులు గుంపుగా దిగి, తెల్లవారేసరికి చేను తొక్కి పోయేవి. మా నాయన మంచె మీద కావలి ఉండేవాడు. ఆయనకు లైసెన్సు ఉన్న ఒక .315 రైఫిలు ఉండేది. వెనుకటి కాలంలో మా తాతకు వచ్చినది, తాత నుంచి నాయనకు వచ్చింది. ఆ రోజుల్లో పంట కావలికి దానిని పట్టుకొని వెళ్లేవాడు. 1972 నాటి వన్యప్రాణుల రక్షణ చట్టం అప్పటికి ఇంకా రాలేదు.

నాయనకు ఒక అలవాటు ఉండేది. మంచె దిగి ఇంటికి వచ్చేటప్పుడు రైఫిలు సేఫ్టీ మీటను వెనక్కి లాగి, తాళం పడినదా లేదా అని చూసుకోవడానికి ట్రిగ్గరును, అదే మా వైపు ఘోడా అంటారే, దానిని ఒకసారి గట్టిగా వేలితో నొక్కి చూసేవాడు. పేలలేదు కనుక తాళం పడ్డదని నమ్మకం. "చూసినవా, గట్టిగున్నది" అని మాకు కూడా చూపేవాడు. లోపల తూటా ఉండగానే ఆ పరీక్ష చేసేవాడు.

ఆ రాత్రి కూడా అట్లాగే చేసి వచ్చి, రైఫిలును గుమ్మికి ఆనించి పడుకున్నాడు. తెల్లవారింది. అమ్మ వాకిట్లో చల్లుతున్నది. నాయన అన్నను పిలిచి "అందులో తూటా ఉన్నది, తీసి పెట్టు" అన్నాడు. అన్న రైఫిలు తీసుకున్నాడు. ఆ రకం రైఫిలులో ఒక సంగతి ఉన్నది. సేఫ్టీ వేసి ఉంటే బోల్టు కూడా కదలదు. తూటా బయటికి తీయాలంటే ముందు సేఫ్టీ మీట ముందుకు జరపవలసిందే. అన్న మీటను ముందుకు జరిపాడు. రైఫిలు పేలింది.

గుండు వాకిలి దాటి కొట్టంలో కట్టిన మా కర్రి ఎద్దుకు తగిలింది. అమ్మ నిలబడిన చోటికి మూడు మూరల దూరంలో నుంచి పోయింది. ఎద్దు మధ్యాహ్నం దాకా బాధపడి చచ్చిపోయింది. యాసంగి జొన్న విత్తడానికి నెల కూడా లేదు. ఒంటెద్దుతో అరక కట్టేది ఎట్లా? ఆ ఏడు నాయన అప్పు చేసి ఇంకొక ఎద్దును తెచ్చినాడు. ఆ అప్పు మూడేళ్లు తీరలేదు.

అన్న ఏడుస్తూ చెప్పిన మాట నాకు ఈనాటికీ జ్ఞాపకమే. "నాయనా, నేను ఘోడా ముట్టలే. మీట ముందుకు నూకిన, అంతే." నాయన నమ్మలేదు. "ముట్టకుంటె తుపాకి దానంతట అదే పేలుతదా? రాత్రి నేను చూసుకొనే పెట్టిన" అన్నాడు. ఊళ్లో అందరూ నాయన మాటే నమ్మారు. నేను కూడా నమ్మినాను. పదిహేడేళ్ల పిల్లవాడు కంగారులో వేలు పెట్టి ఉంటాడని అనుకున్నాము. రైఫిలును ఎవరికీ చూపించలేదు. నేరం మనిషి మీద పడినాక యంత్రాన్ని ఎవరు చూస్తారు?

ఇప్పుడు ఆ రైఫిలు ఏ రకానిదో కొంచెం చెబుతాను. ఎందుకంటే మీ ఇంటి అటక మీద ఉన్నది కూడా చాలావరకు అటువంటిదే అయి ఉంటుంది. ఇంగ్లీషువారి కాలంలో సైన్యం వాడే .303 తూటా సామాన్యుల చేతికి రాకూడదని కట్టడి పెట్టారు. అందుచేత వేటకు, కావలికి వేరే కొలత తూటాలు వచ్చాయి. వాటిలో .315 ఒకటి. బర్మింగ్‌హాములోని బి.ఎస్.ఎ. కంపెనీ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డు పద్ధతిలోనే ఈ రైఫిళ్లను చేసింది. తరువాత బెంగాలులోని ఈశాపూర్ రైఫిలు కర్మాగారం కూడా చేసింది. మన హైదరాబాదు రాజ్యంలో వేట ఒక మర్యాదగా ఉండేది. నేడు వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉన్న చోటు ఒకప్పుడు నిజాం వేట మైదానం. 1949లో జాగీర్లు రద్దయినాయి. చాలా కుటుంబాల్లో వేట పోయింది కాని తుపాకులు మిగిలాయి. బి.ఎస్.ఎ. కాకుండా జర్మన్ మౌజర్ రకం రైఫిళ్లు కూడా ఇళ్లలో కనిపిస్తాయి.

లీ-ఎన్‌ఫీల్డు పద్ధతి రైఫిళ్లలో సాధారణంగా సేఫ్టీ మీట వెనుక భాగాన ఎడమవైపు ఉంటుంది. వెనక్కి లాగితే తాళం, ముందుకు తోస్తే విడుపు. పాత మౌజరులో బోల్టు వెనుక కొసన ఒక రెక్క ఉంటుంది. అది కుడివైపు పడి ఉంటే తాళం, ఎడమవైపు ఉంటే విడుపు, నిటారుగా నిలబెడితే సూది ఆగి ఉంటుంది గాని బోల్టు తెరవవచ్చు. అంటే మౌజరులో తాళం ఉండగానే తూటా బయటికి తీయవచ్చు. మా రైఫిలులో ఆ వసతి లేదు. ఈ తేడా తెలియక ఒకదాని అలవాటుతో ఇంకొకదానిని పట్టుకోవడం మొదటి ప్రమాదం.

ఇక లోపల ఏమి జరుగుతుందో మన ఇంటి తలుపుతో పోల్చి చెబుతాను. బోల్టు లోపల ఒక ఉక్కు సూది ఉంటుంది. దాని వెనుక బలమైన స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు ఎప్పుడూ సూదిని ముందుకు తోస్తూనే ఉంటుంది, గాలివాన తలుపును తోసినట్లు. ఆ సూదిని వెనక్కి పట్టి ఆపేది ఒక చిన్న ఉక్కు ముక్క. దానిని సియర్ అంటారు. అది తలుపుకు గొళ్లెం వంటిది. ఘోడా నొక్కితే గొళ్లెం కిందికి దిగుతుంది, సూది ముందుకు దూకుతుంది, తూటా పేలుతుంది.

సేఫ్టీ మీట అనేది తలుపుకు అడ్డగడియ వంటిది. మంచి స్థితిలో ఉన్న రైఫిలులో మీట వెనక్కి లాగగానే అది సూదిని గొళ్లెం మీది నుంచి కాస్త వెనక్కి జరిపి, తానే పట్టుకుంటుంది. అప్పుడు ఎవరైనా ఘోడా నొక్కితే గొళ్లెం ఖాళీగా కిందికి దిగి, వేలు తీయగానే మళ్లీ పైకి లేచి తన చోటికి వస్తుంది. తరువాత అడ్డగడియ తీసినా గొళ్లెం ఉన్నది కనుక తలుపు తెరుచుకోదు.

గొళ్లెం అరిగిపోయిందనుకోండి. లేదా జిడ్డు పట్టి కిందనే ఇరుక్కుపోయిందనుకోండి. అడ్డగడియ ఉన్నంతసేపు తలుపు గట్టిగానే ఉన్నట్లు కనబడుతుంది. గొళ్లెం పడలేదని బయటివాడికి తెలియదు. తరువాత వచ్చినవాడు పాపం ఏమీ ఎరుగక అడ్డగడియ తీస్తాడు. తలుపు ఎగిరి వచ్చి ముఖాన కొడుతుంది. తప్పు ఎవరిది? గడియ తీసినవాడిదా?

మా నాయన రాత్రి సేఫ్టీ వేసి ఘోడా నొక్కి చూశాడు. గొళ్లెం కిందికి దిగింది, మళ్లీ పైకి లేవలేదు. ఆ రాత్రంతా సూదిని ఒక్క సేఫ్టీ మీటే పట్టుకొని ఉన్నది. తెల్లవారి అన్న మీట ముందుకు జరిపాడు. సూదిని పట్టేది ఏమీ లేదు.

ఈ సంగతి మాకు ఎప్పుడు తెలిసిందంటారా? యాభై మూడేళ్ల తరువాత, 2021లో తెలిసింది. నాయన 1986లో పోయాడు. రైఫిలు లైసెన్సు అన్న పేరు మీదికి వచ్చింది. అన్న మూడేళ్లకోసారి లైసెన్సు తిరగరాయించేవాడు, రైఫిలును పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు, ఒక్క తూటా కూడా కొనలేదు. ఎందుకు పెట్టుకున్నావు, అప్పజెప్పరాదా అంటే "నాయనది" అనేవాడు. 2021లో అన్న కూడా కాలం చేశాడు. మా అన్న కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. వాడు నాకు ఫోను చేసి "చిన్నాయనా, తుపాకి ఏం జేయాలె? నాకు ముట్టాలంటేనే భయం" అన్నాడు. భయపడటమే మంచిదయిందని చెప్పి, పోలీసు స్టేషనుకు ముందుగా తెలియజేసి, వారి సలహా ప్రకారం పట్నంలో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల డీలరు దగ్గర దానిని జమ చేయించాము.

ఆ దుకాణంలో ఒక ముసలి ఉస్తాదు ఉన్నాడు. తుపాకి మరమ్మతు ఆయన కులవృత్తి వంటిది. రైఫిలు ఖాళీగా ఉన్నదని కంటితోనూ, వేలితోనూ రెండు మార్లు చూసుకున్నాడు. బోల్టు ఎక్కించి, సేఫ్టీ వేసి, ఘోడా నొక్కి వదిలాడు. చప్పుడు లేదు. తరువాత ఘోడా ముట్టకుండా మీట ఒక్కటే ముందుకు జరిపాడు. "టక్" మని సూది పడింది. అట్లా పది మార్లు చేశాడు. ఆరు మార్లు పడింది, నాలుగు మార్లు పడలేదు. ఆ చప్పుడు విని నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. "ఏమయింది సాబ్?" అని ఉస్తాదు అడిగాడు. ఎద్దు సంగతి చెప్పాను. ఆయన తల ఊపి ఒక మాట అన్నాడు. "పది మార్లూ పడితే ఎవరైనా కనిపెడతారు. నాలుగు మార్లు పడకపోవడమే దీని మోసం."

విప్పి చూస్తే లోపల లోపాలు ఒకటి కాదు, నాలుగు కనిపించాయి. పాత రైఫిళ్లలో సాధారణంగా వచ్చే లోపాలు ఇవే కనుక మీకు కూడా చెబుతాను.

ఒకటి, జిడ్డు. మనం బండి ఇరుసుకు, గిలకకు ఇంట్లో ఉన్న నూనె పోస్తాము. తుపాకికీ అట్లాగే పోశారు. పల్లినూనె వంటి వంటనూనెలు కాలం గడిచేకొద్దీ ఆరి, బంక లాగా గట్టిపడతాయి. గొళ్లెం కదిలే సందులో ఆ బంక పేరుకొని, కిందికి దిగిన గొళ్లెం పైకి లేవడానికి బద్ధకిస్తున్నది. చలిలో ఆ బంక ఇంకా బిగుస్తుంది. ఆనాటి తెల్లవారుజామున అదే జరిగి ఉంటుందని ఉస్తాదు అన్నాడు.

రెండు, ఆకురాయి. ఘోడా తేలికగా పడాలని ఎవరో ఎప్పుడో గొళ్లెం మూతిని ఆకురాయితో రాశారు. పదును అంచు గుండ్రమైపోయింది. ఆ అంచుకు ఉన్న పైపొర గట్టిది, ఒకసారి రాస్తే ఆ గట్టిదనం పోతుంది, తరువాత త్వరగా అరుగుతుంది. ఎవరు రాశారో తెలియదు. తాత కాలంలోనే కావచ్చు.

మూడు, సేఫ్టీ అరుగుదల. మీటకు లోపల ఉండే కడ్డీ సూదిని వెనక్కి జరపాలి అని చెప్పాను గదా. మా రైఫిలులో అది అరిగి, సూదిని ఆపుతున్నది గాని వెనక్కి జరపడం లేదు. పైగా ఈ రకంలో మీట, కడ్డీ రెండూ మరల ద్వారా ఒకదానిలో ఒకటి ఎక్కుతాయి. తెలియనివాడు విప్పి ఒక మర అటూ ఇటూగా బిగిస్తే, మీట పూర్తిగా వెనక్కి వచ్చినట్లు కనబడుతుంది, లోపల కడ్డీ సగమే తిరిగి ఉంటుంది.

నాలుగు, కొయ్య. రైఫిలు కుందా కొయ్యతో చేసినది. మన వైపు ఎండాకాలం అది ఎండి కుంచించుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. బిగించిన మరలు వదులవుతాయి. ఈ రకం పాత రైఫిళ్లలో ఘోడా కింది కవచానికి బిగించి ఉంటుంది, గొళ్లెం పైభాగాన ఉంటుంది. మధ్య మరలు వదులైతే ఆ రెండింటి మధ్య దూరం మారుతుంది. నాగలికి మేడి వదులైతే కర్రు లోతు మారినట్లే.

ఇప్పుడు లైసెన్సు ఉన్నవారికి ఒక మాట. మీ రైఫిలు సేఫ్టీ బాగున్నదా లేదా అని ఇంటి దగ్గర ఎట్లా చూసుకోవాలి? తూటా ఉండగా ఎన్నడూ చూడకూడదు. మా నాయన చేసిన తప్పు అదే. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేయండి. పిల్లలను బయటికి పంపండి. రైఫిలు మూతిని మట్టికుప్ప వైపో, మనుషులు, పశువులు లేని నేల వైపో ఉంచండి. మ్యాగజైను తీసివేయండి. బోల్టు తెరిచి తూటా గదిలోకి కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. బోల్టు మూసినాక, మళ్లీ తెరిచి మళ్లీ చూడండి.

ఆ తరువాత నాలుగు పరీక్షలు. మొదటిది, బోల్టు ఎక్కించి, సేఫ్టీ వేసి, ఘోడా నొక్కండి. చప్పుడు రాకూడదు. రెండవది, వేలు పూర్తిగా తీసివేసి, మీట ఒక్కటే విడుపు వైపు జరపండి. ఇప్పుడు కూడా చప్పుడు రాకూడదు. చాలామంది మొదటి పరీక్షతో ఆగిపోతారు. ప్రాణం తీసే లోపం రెండవ పరీక్షలో బయటపడుతుంది. మూడవది, సేఫ్టీ లేకుండా బోల్టును కాస్త గట్టిగా మూసి చూడండి, సూది దానంతట అది జారకూడదు. నాలుగవది, మీట తన చోట టక్కుమని కూర్చోవాలి. వేలు తగిలితేనే జరిగిపోయేంత వదులుగా ఉండకూడదు, రెండు చోట్లకూ మధ్యలో నిలబడకూడదు. మొదటి రెండు పరీక్షలూ పది మార్లు చేయండి. పదిలో ఒక్కసారి తప్పినా ఆ రైఫిలుకు సేఫ్టీ లేనట్లే. "ఎప్పుడో ఒకసారి అట్లా అవుతది" అనుకోకండి.

లోపం కనబడితే ఏమి చేయాలి? ఏమీ చేయకండి. కిరసనాయిలు పోయకండి, అది ఉన్న జిడ్డు కొంత కరిగించి ఇంకా లోపలికి తోస్తుంది, తరువాత తుప్పుకు దారి తీస్తుంది. ఆకురాయి పెట్టకండి. ఊళ్లో మోటారు మరమ్మతు చేసే మిత్రుడి చేత విప్పించకండి. ఆయుధాల మరమ్మతుకు కూడా 1959 ఆయుధాల చట్టం ప్రకారం ప్రత్యేకమైన లైసెన్సు కావాలి. అది ఉన్న దుకాణానికే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "సేఫ్టీ బాగాలేదు" అని ఊరికే అనకుండా, ఏమి చేస్తే ఏమి జరిగింది, ఎన్నిమార్లు జరిగింది అని వివరంగా చెప్పండి. డాక్టరుకు జ్వరం సంగతి చెప్పినట్లు చెప్పాలి. బాగుపడి వచ్చినాక కూడా ఆ నాలుగు పరీక్షలూ మళ్లీ చేసుకోండి.

ఇంకొక మాట. సేఫ్టీ ఎంత బాగున్నా అది అడ్డగడియ మాత్రమే. మూతి మనిషి వైపు ఉండకూడదు, వేలు ఘోడా మీద ఉండకూడదు, ఇంటి గడప తొక్కే ముందే తూటా బయటికి రావాలి. ఆనాడు మా రైఫిలు మూతి కొట్టం వైపు కాక పైకి ఉండి ఉంటే పెంకులు పగిలేవి, ఎద్దు బతికేది. నాయన చేను గట్టు మీదనే తూటా తీసివేసి ఉంటే ఏమీ జరిగేది కాదు.

ఇక వారసత్వంగా తుపాకి వచ్చినవారి సంగతి. వీరికి నేను చెప్పిన పరీక్షలు వర్తించవు. లైసెన్సు తండ్రి పేరు మీద ఉంటే, తండ్రి పోయిన తరువాత ఆ లైసెన్సు కొడుక్కు పనికిరాదు. చట్టం 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగాని జమ చేసి రసీదు తీసుకోవాలి. అటక మీద దొరికితే విప్పి చూడకండి, తుడవకండి, లోపల తూటా ఉన్నదనే అనుకోండి. గదికి తాళం వేసి స్టేషనుకు ఫోను చేసి చెప్పండి. బండి మీద పెట్టుకొని మీరే బయలుదేరకండి. వారు ఎట్లా చెప్తే అట్లా చేయండి.

ఉంచుకోవాలని ఉంటే వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కమిషనరేటు ఉన్న చోట పోలీసు కమిషనరు, ఇతర చోట్ల కలెక్టరు లైసెన్సు అధికారి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగిలిన వారసుల అభ్యంతరం లేదనే పత్రం కావాలి. 2016 నియమాల ప్రకారం తుపాకిని సురక్షితంగా వాడే శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం కూడా అడుగుతారు. 2019 డిసెంబరు సవరణ తరువాత ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవాటికి కూడా ఇదే హద్దు. వద్దనుకుంటే డీలరు ద్వారా లైసెన్సు ఉన్న మరొకరికి అమ్మించవచ్చు. సిగ్గుపడవలసినదేమీ లేదు.

పాత తూటాలను మరవకండి. వాటిని బావిలో వేయడం, పాతిపెట్టడం, పొయ్యిలో పడేయడం చేయకండి. రైఫిలుతోపాటే జమ చేయండి. తాత వేట సంచిని, ఖాకీ కోటును అంచుల దాకా వెతకండి. మన విమానాశ్రయం ఉన్నది గదా, అక్కడ సంచులను యంత్రంలో పెట్టి చూస్తారు. ఎన్నడో మరచిన ఒక్క తూటా సంచి మూలలో దొరికినా విమానం పోతుంది, కేసు మిగులుతుంది. తెలియక జరిగిందని తరువాత నిరూపించుకోవచ్చు గాని, ఆ తిరుగుడు ఎవరికి కావాలి?

"మరి పందుల సంగతి ఏమి?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేడు అడవి పందిని చంపాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి, ఇంట్లో తుపాకి ఉన్నది కదా అని కాల్చడానికి లేదు. పక్కనే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు ఎలుకలు, పందులు, పక్షుల బెడద మీద ఎంతోకాలంగా పని చేశారు. మక్క చేను చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం దగ్గరదగ్గరగా వేయడం, పల్లి చేను చుట్టూ ముళ్ల కుసుమ వేయడం వారు చెప్పిన ఉపాయాలే. ఆముదం వాసన ముందు పంది ముక్కుకు మక్క వాసన సరిగా అందదు, కుసుమ ముళ్లు దానికి గుచ్చుకుంటాయి. వీలున్నవారు సోలారు కంచె వేసుకోవచ్చు. లైను నుంచి కరెంటు తీగ మాత్రం చేను చుట్టూ పెట్టకండి. పందికని పెట్టిన తీగకు పక్క చేను రైతు, సొంత కొడుకు బలి అయిన సంగతులు మనం వింటూనే ఉన్నాము.

2024 ఏప్రిల్ నెలాఖరున మన విమానాశ్రయం ప్రహరీ దగ్గర చిరుతపులి కనబడింది. చుట్టుపక్కల ఊళ్లలో భయం పుట్టింది. అటవీ శాఖవారు కెమెరాలు, బోనులు పెట్టి, మే మొదటి వారంలో దానిని ప్రాణంతో పట్టుకొని అడవికి తరలించారు. ఒక్క గుండు పేలలేదు. అటువంటి సమయంలో అటక మీది తుపాకి దించి, చీకట్లో, ఎన్నడూ చూడని సేఫ్టీ మీట నమ్ముకొని బయటికి వచ్చినవాడు చిరుతకంటే ఎక్కువ ప్రమాదం.

చివరగా మా రైఫిలు ఏమయిందో చెప్పి సెలవు తీసుకుంటాను. ఉస్తాదు కొత్త సియరు, కొత్త స్ప్రింగు వేసి, సేఫ్టీ కడ్డీ మార్చి బాగుచేశాడు. మా అన్న కొడుకు లైసెన్సు కోరుకోలేదు. డీలరు ద్వారానే దానిని అమ్మించాడు. అరిగిన ఆ పాత సియరు ముక్కను నాకు చూపించి ఉస్తాదు "ఇదే సాబ్, మీ దొంగ" అన్నాడు. గోరంత ఉన్నది.

నేను ఆ సాయంత్రం ఊరికి వచ్చి వదినె దగ్గర కూర్చొని, జరిగింది చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మొన్న పోయేముందు కూడా అన్నడు, నేను ఘోడా ముట్టలే అని" అన్నది. యాభై మూడేళ్లు ఆ మాట ఒక్కటే చెప్పిన మనిషికి, నీ మాట నిజమే అని చెప్పే భాగ్యం మాకు లేకపోయింది. నాయనను కూడా నేను తప్పుపట్టను. ఆయనకు చూపించినవారు ఎవరూ లేరు.

అందుచేత రైతు సోదరులారా, మీ ఇంట్లో ఏ పనిముట్టు వల్ల ప్రమాదం జరిగినా, అది తుపాకి కానీయండి, మోటారు కానీయండి, నూర్పిడి యంత్రం కానీయండి, "నువ్వే ఏదో చేసినవు" అని పిల్లవాడి మీద మోపడానికి ముందు, తెలిసినవాడి చేత ఆ పనిముట్టును విప్పించి చూడండి. విస్తరణాధికారులు కూడా పల్లెల్లో తిరిగేటప్పుడు పాత తుపాకి ఉన్న ఇంటి మాట వింటే, ఈ నాలుగు ముక్కలు వారికి చెప్పండి.